గొడవ పెట్టినవాళ్ళే వడ్డించాలి

ఆ ఇంట్లో ఎవరూ అరవరు. కింద బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే షాపు, షాపు వెనక ఆవిరి మిషన్ల గది, మేడ మీద కాపురం. ఇద్దరన్నదమ్ములు, ఇద్దరు తోడికోడళ్ళు, ముసలి అత్తగారు, చిన్నకోడలి కూతురు. అందరికీ ఒకటే పొయ్యి, ఒకటే బల్ల. వీధిలో ఏ మొగుడూ పెళ్ళాం గిన్నెలు విసురుకున్నా పక్కింటివాళ్ళు ఈ మేడ వైపు వేలు చూపిస్తారు. "వాళ్ళని చూసి నేర్చుకోండి, ఎంత సామరస్యంగా ఉంటారో" అంటారు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా చిన్నకోడలికి ఒళ్ళు మండుకొస్తుంది.

మండదా మరి. వాళ్ళకేం తెలుసు, వీధిలో నిలబడి చూసేవాళ్ళకి. చప్పుడు లేని ఇల్లు చల్లని ఇల్లనుకుంటారు. నోరు కట్టేసిన ఇల్లు కూడా చప్పుడు చెయ్యదు.

భోజనాల బల్ల ఎదురుగా గోడకి ఒక పటం ఉంది. తెల్లటి గుడ్డ మీద నీలం దారంతో కుట్టిన ఒకే ఒక్క మాట: సామరస్యం. అత్తగారు కొత్త కోడలిగా ఉన్నప్పుడు కుట్టిందట. దానికి అద్దం కట్టించి, మేకు కొట్టి, కింద ఒక రూలు కూడా పెట్టి వెళ్ళాడు మామగారు. ఆయన పోయి చాలా కాలమైంది. రూలు మాత్రం నిక్షేపంగా ఉంది.

ఆ రూలేమిటంటే, గొడవ పెట్టినవాళ్ళే వడ్డించాలి. బల్ల దగ్గర ఎవరైనా ఫిర్యాదు చేశారో, ఆ పూట గిన్నె వాళ్ళ చేతికొస్తుంది. ఒక్కొక్కరి పళ్ళెం దగ్గరా ఆగి, వడ్డించి, "నా మనసులో ఏమీ లేదు" అనాలి. అందరి కడుపులూ నిండాకే తాను కూర్చోవాలి. కోపం తిండితో పాటు కరిగిపోతుందని మామగారి సిద్ధాంతం. వినడానికి ఎంత బావుంటుందో. చుట్టాలొచ్చినప్పుడు ఈ ముచ్చట చెప్తే ఆడవాళ్ళు ముక్కున వేలేసుకునేవారు. కాస్త బుర్ర పెట్టి చూస్తే తెలిసేది, దెబ్బ తిన్నవాళ్ళే దండం కూడా పెట్టాలని దానర్థం. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిన కూర్చున్నా ఫరవాలేదంటారు. ఈ ఇంట్లో వడ్డించేది ఎప్పుడూ ఏడ్చినవాళ్ళే, పంక్తిలో ఎక్కడ కూర్చున్నా ఏం లాభం.

బావగారు, అంటే చిన్నకోడలి భర్తకి అన్నగారు, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా వడ్డించలేదు. అన్నీ తాననుకున్నట్టే జరిగే మనిషికి ఫిర్యాదు ఏముంటుంది? వీధిలో ఆయన్ని శాంతమూర్తి అంటారు. గొంతు పెంచడు. మాట మార్చడు. చిరునవ్వు చెరగనివ్వడు. అలాంటివాళ్ళతో దెబ్బలాడటం ఎంత కష్టమో చిన్నకోడలికి తెలుసు. దూదిపరుపుని గుద్దితే మన చెయ్యే నొప్పెడుతుంది.

అసలు కథంతా ఒక చెక్క ముక్క దగ్గరుంది.

వెనక గదిలో చొక్కాలు అదిమే పెద్ద మిషన్ ఒకటుంది. మెత్త మీద చొక్కా పరిస్తే, పైనుంచి కాలే ఇనప పలక దిగి అదుముతుంది, పక్కల నుంచి బుస్సుమని ఆవిరొస్తుంది. పలక దిగాలంటే కుడిపక్క ఒక బొత్తాం, ఎడమపక్క ఒక బొత్తాం, రెండూ ఒకేసారి రెండు చేతులతో నొక్కాలి. చేసినవాడెవడో బుద్ధున్నవాడు. రెండు చేతులూ బొత్తాల మీద ఉంటే పలక కింద చెయ్యి ఉండదు కదా. ఈ శాంతమూర్తి ఆ ఎడమ బొత్తాం సందులో ఒక చెక్క ముక్క దోపాడు. అది ఎప్పుడూ నొక్కుకునే ఉంటుంది. ఇక ఒంటి చేత్తో పలక దించొచ్చు, అది దిగేలోపు రెండో చెయ్యి కాలరు సర్దొచ్చు. దానివల్ల గంటకి ఎన్ని చొక్కాలు ఎక్కువ తెములుతాయో ఆయన లెక్క చెప్తాడు. చేతుల లెక్క ఎప్పుడూ చెప్పడు.

పోయినేడు చిన్నకోడలి ఎడమ చెయ్యి ఆ పలక కింద ఉండిపోయింది. చర్మం పోయింది, మళ్ళీ వచ్చింది. రెండు వేళ్ళు మాత్రం ఇప్పటికీ వంగవు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే ఆమె బల్ల దగ్గర అడిగింది, ఆ చెక్క తీసెయ్యండి బావగారూ అని. అంతే, అది ఫిర్యాదైపోయింది. కట్టుకట్టిన చేతి మోచేతి వంపులో కూరగిన్నె ఇరికించుకుని, కుడి చేత్తో గరిటె పట్టుకుని, పళ్ళెం పళ్ళేనికీ ఆగి, "నా మనసులో ఏమీ లేదు" అంటూ తిరిగింది. బావగారు తన పళ్ళెం దగ్గర ఆమె ఆగినప్పుడు, "ఇదమ్మా సామరస్యమంటే" అని మెచ్చుకున్నాడు. చెక్క ఎక్కడిది అక్కడే ఉంది.

తర్వాత ఆమె చాలాసార్లు దాన్ని పీకి పారేసింది. మర్నాడు పొద్దున్నకి కొత్తది ఉండేది. విరిగిన కోటు హేంగర్ల చెక్కని చిన్న కత్తితో చెక్కుతూ షాపు గుమ్మంలో కూర్చోవడం శాంతమూర్తికి కాలక్షేపం. అలా చెక్కుతూనే వచ్చేపోయేవాళ్ళకి ఇంట్లో ఎలా మెలగాలో చెప్పేవాడు. చెక్కినవన్నీ గల్లాపెట్టె పక్కన రేకు డబ్బాలో వేసేవాడు. పీకేవాళ్ళు ఎన్ని పీకినా తరగనంత నిల్వ.

ఇదంతా పాత కోపం. పాత కోపాన్ని మనిషి ఎలాగో మింగేసి బతుకుతుంది. నిన్న సాయంత్రం భోజనాల దగ్గర కొత్తది వచ్చిపడింది.

శాంతమూర్తి రొట్టె తుంచుకుంటూ మామూలుగా అన్నాడు. "పిచ్చుక పరీక్షలైపోయాయిగా. రేపు కాక ఎల్లుండి నుంచి ప్రెస్సు దగ్గర నిలబడుతుంది. వాళ్ళమ్మ చేత్తో కాలర్లు సరిగ్గా రావట్లేదు. కుర్రచేతులు, చురుగ్గా ఉంటాయి."

పిచ్చుక అంటే చిన్నకోడలి కూతురే. సన్నగా, గలగలా మాట్లాడుతుందని నాయనమ్మ పెట్టిన పేరు. ఆ పిల్ల తల్లివైపు చూసింది.

"నీకేమైనా అభ్యంతరమా అమ్మా?" అని అడిగాడు బావగారు. అడుగుతూ గరిటెని ఆమె వైపు తిప్పి పెట్టాడు. మెల్లిగా, మర్యాదగా. బల్ల చుట్టూ అందరూ ఆ గరిటెనే చూశారు.

ఆమె లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. పోయినేడు మోచేతి వంపులో కాలిన గిన్నె వేడి ఇంకా అక్కడే ఉన్నట్టనిపించింది. గదిలోకి వెళ్ళాక తనమీద తనకే అసహ్యమేసింది.

"మీరైనా చెప్పండి" అంది భర్తతో. "మీ కూతురే కదా."

"చెప్తాలే" అన్నాడు ఆయన, దుప్పటి దులుపుతూ.

"పోయినేడూ ఇదే అన్నారు."

"అన్నయ్యకి ఎదురు చెప్తే ఇల్లు నిలబడుతుందా? నువ్వు కాస్త సర్దుకుంటే సామరస్యంగా ఉంటుంది కదే."

"మీ ఇంట్లో ఆ మాటకి అర్థం నేనొక్కదాన్నే మొయ్యాలా? అందరూ సుఖంగా ఉండటమంటే నేను నోరు మూసుకోవడమేనా?"

ఆయన దుప్పటి కప్పుకున్నాడు. నోరు మూసుకోవడంలో ఆయనా తక్కువవాడు కాదు. కాకపోతే ఆయన వేళ్ళన్నీ వంగుతాయి.

పొద్దున్నే ఆమె షాపులోకి దిగింది. వెనక గదిలో కట్టెల బాయిలరు అప్పటికే రాజుకుంది. గుమ్మంలో శాంతమూర్తి ముక్కాలిపీట మీద కూర్చుని హేంగరు చెక్క చెక్కుతున్నాడు. పొట్టు ఒళ్ళో రాలుతోంది.

"బావగారూ, పిల్ల విషయం."

"కూర్చోమ్మా."

"కూర్చోను. దానికి మిషన్ వద్దు. లెక్కలు చూస్తుంది, బట్టలు మడతపెడుతుంది. మిషన్ దగ్గరికి మాత్రం రాదు. పోనీ వస్తుందంటే, ఆ చెక్క తీసెయ్యండి."

ఆయన కత్తి ఆపలేదు. "చూడమ్మా. సామరస్యమంటే ఏంటి? నాన్నగారు చెప్పేవారు. అన్ని రసాలూ సమంగా కలవడం. ఉప్పు నేనే ఎక్కువుంటానంటే కూర పాడవుతుంది. ప్రతివాళ్ళూ నా చెయ్యి, నా పిల్ల అనుకుంటే ఇల్లెక్కడుంటుంది? నువ్వు కాస్త ఉప్పు తగ్గించుకో."

"సమంగా అంటున్నారు కదా. మీ చెయ్యి ఏనాడైనా ఆ పలక కిందికి వెళ్ళిందా?"

"నా పని వేరమ్మా. ఎవరి పని వాళ్ళు చేసుకోవడమే సమం."

చూశారా, నవ్వు కూడా చెరగలేదు. ఆ నవ్వు మీద మరిగే నీళ్ళు పొయ్యాలనిపించింది ఆమెకి. అలా అనిపించినందుకు సిగ్గుపడలేదు కూడా. పొయ్యలేదు, అంతే.

ఇంతలో వెనక గదిలో బుస్సుమని ఆవిరి చప్పుడైంది. పిచ్చుక గొంతు వినపడింది, "ఇలాగా పెద్దమ్మా?" అని.

చిన్నకోడలు పరిగెత్తింది. తోడికోడలు మిషన్ పక్కన నిలబడి నేర్పిస్తోంది. "కుడి చేత్తో నొక్కు, ఎడం చేత్తో కాలరు లాగు, పలక దిగేలోపు తీసెయ్యి, అంతే, ఏం లేదు" అంటోంది. పిల్ల కుడి చెయ్యి బొత్తాం మీద ఉంది. ఎడమ చెయ్యి మెత్త మీద, చొక్కా మెడ దగ్గర, వేళ్ళు చాపి ఉంది. పలక దిగుతోంది.

తల్లి పిల్లని జబ్బ పట్టుకుని లాగిన లాగుకి ఇద్దరూ బట్టల బుట్టలో పడ్డారు. పలక ఖాళీ కాలరుని అదిమింది. అప్పుడు చిన్నకోడలు అరిచింది. మాటలేం లేవు, ఉత్త అరుపు. ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో అరవని అరుపులన్నీ కలిపి అరిచినట్టు అరిచింది. ముందు షాపులో కోటు తీసుకోవడానికి వచ్చినావిడ కోటు అక్కడే వదిలేసి గుమ్మం దిగిపోయింది.

శాంతమూర్తి వచ్చి చూశాడు. చొక్కా కాలిపోకుండా పలక ఎత్తాడు. ముందు చొక్కా, తర్వాత పిల్ల. ఆ వరస ఆమె కళ్ళారా చూసింది.

"ఎవరికీ ఏమీ కాలేదుగా" అన్నాడు. "బయటివాళ్ళ ముందు ఏంటమ్మా ఇది? మధ్యాహ్నం బల్ల దగ్గర మాట్లాడుకుందాం."

"మాట్లాడుకుందాం" అంది ఆమె. ఎడమ బొత్తాం సందులోంచి చెక్క పీకింది. వెళ్తూ వెళ్తూ గల్లాపెట్టె పక్కనున్న రేకు డబ్బా కూడా చంకన పెట్టుకుని మేడెక్కింది.

మధ్యాహ్నం అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. పటం కింద శాంతమూర్తి, ఆయన కుడిపక్కన భార్య, ఎడమపక్కన తమ్ముడు, ఎదురుగా తల్లి, తల్లి పక్కన పిచ్చుక. రొట్టెల పళ్ళెం మధ్యలో ఉంది. రెండు చెవుల పెద్ద గిన్నె నిండా కూర, పొయ్యి మీదనుంచి అప్పుడే దింపింది. దాన్ని పట్టుకోవడానికి మందపాటి గుడ్డ.

"నాకు ఫిర్యాదుంది" అంది చిన్నకోడలు. కూర్చోకుండానే అంది. ఎవరూ గరిటె ఆమె వైపు తిప్పనక్కర్లేకపోయింది, తనే అందుకుంది. గుడ్డ చుట్టి గిన్నె మోచేతి వంపులోకి ఎత్తుకుంది.

వడ్డన అత్తగారితో మొదలై పిల్లలతో ముగియాలని ఆ ఇంటి పద్ధతి. ఆమె పిల్లతో మొదలుపెట్టింది.

"నా మనసులో నువ్వున్నావు" అంది పిచ్చుక పళ్ళెంలో కూర వేస్తూ. "ఆ మిషన్ దగ్గరికి నువ్వు వెళ్ళవు. ఎవరు వెళ్ళమన్నా వెళ్ళవు. నేనే ఏ రోజైనా పిరికిదాన్నై వెళ్ళమన్నా సరే, వెళ్ళకు."

తోడికోడలు తల దించుకుంది. "మాట అది కాదు కదా..." అని గొణిగింది.

"తెలుసక్కా, అనాల్సిన మాట అది కాదు. అది అబద్ధం, అందుకే అనట్లేదు." ఆమె పళ్ళెంలో కూర పడింది. "నా చెయ్యి కాలాక తర్వాత నీ వంతేనని నువ్వు భయపడ్డావు. నిన్న నా పిల్ల పేరు వచ్చేసరికి ఊపిరి పీల్చుకున్నావు. నేను చూశాను. నీకు ఆ భయం ఉండటం తప్పు కాదు. నా కూతురి చెయ్యి అడ్డం పెట్టుకోవడం తప్పు. నా మనసులో అదుంది."

తర్వాత భర్త. ఆయన పళ్ళెంలోకే చూస్తున్నాడు.

"మీమీదే కోపం ఎక్కువ" అంది. "ఆయన చెక్క దోపాడు. మీరు చూస్తూ ఊరుకున్నారు. రోజూ రాత్రి నా చేతికి మందు రాసి, పొద్దున్నే నన్ను ఆ మిషన్ దగ్గరికే పంపించారు. మందు రాసినందుకు మిమ్మల్ని మంచివాడనుకున్నాను. నా మనసులో ఇప్పుడు ఆ మంచితనం లేదు."

అత్తగారి దగ్గర ఆగినప్పుడు చిన్నకోడలి గొంతు కొంచెం తగ్గింది. ముసలావిడ కూర వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టలేదు, పెట్టమనీ అనలేదు.

"అత్తయ్యా, మీరు ఈ గిన్నె ఎన్నిసార్లు మోశారో నాకు తెలీదు. అయినా మీమీదా కోపమే. తెలిసి కూడా నన్ను మొయ్యనిచ్చారు."

అత్తగారు గోడ మీది పటం చూసింది. "అది నేను కుట్టలేదే" అంది. "నాతో కుట్టించారు. నోరు తెరిచినప్పుడల్లా సూది చేతికిచ్చేవారు."

ఇక మిగిలింది ఒక్క పళ్ళెం. శాంతమూర్తి చిరునవ్వుతో, ఓపికగా, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఎంత తిట్టినా చివరికి కూర వచ్చి తన పళ్ళెంలోనే పడుతుందని ఆయనకి నమ్మకం. పాపం, ఇన్నేళ్ళూ అలాగే పడింది మరి.

చిన్నకోడలు గిన్నె బల్ల మీద దించింది. రేకు డబ్బా మూత తీసి ఆయన పళ్ళెంలో బోర్లించింది. హేంగరు చెక్క ముక్కలు, నున్నగా, ఓర్పుగా చెక్కినవి, గలగలా రాలి గుట్టపడ్డాయి. ఒకటి దొర్లి వెళ్ళి రొట్టెల్లో పడింది.

"ఇవి మీ చేతి వంట" అంది. "మేమంతా తింటూనే ఉన్నాం. ఇవాళ మీరు తినండి. నా మనసులో ఏముందంటారా, రేపట్నుంచి ఆ మిషన్ రెండు చేతులతో నడుస్తుంది. లేదా నడవదు. ఇంకొక్క చెక్క కనబడితే నేను బల్ల దగ్గర చెప్పను, వీధిలో నిలబడి చెప్తాను. ఈ చెయ్యి చూపించి చెప్తాను. మన సామరస్యం చూసి నేర్చుకుందామనుకునేవాళ్ళకి అసలు పాఠం చెప్తాను."

శాంతమూర్తి నవ్వు పోయింది. అది పోయాక ఆ మొహం ఎలా ఉంటుందో ఇంట్లో ఎవరికీ తెలీదు, అందుకే అందరూ చూశారు. ఆయన లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది.

"ఏంటిది?" అన్నాడు. గొంతు పగిలి పైకి లేచింది. "ఏంటి ఈ వాగుడు? తినే పళ్ళెంలో చెక్కలు పోస్తుందా? నలుగురిలో నన్ను పట్టుకుని ఇన్ని మాటలంటుందా? ఇదేంటో తేల్చండి ముందు. తేలేదాకా నేను ముద్ద ముట్టను. అమ్మా, నువ్వు చెప్పు. ఒరే తమ్ముడూ, నోరు తెరువు."

పిచ్చుక రొట్టెల్లో పడ్డ చెక్క ముక్కని రెండు వేళ్ళతో తీసి పక్కన పెట్టింది.

అత్తగారు తన పళ్ళెం చేత్తో ముందుకి జరిపింది.

"ఇప్పుడు గొడవ పెట్టింది నువ్వేగా" అంది పెద్దకొడుకుతో. "వడ్డించు."

"అమ్మా."

"మీ నాన్న రూలేరా. నేను పాటించాను, నా కోడళ్ళు పాటించారు. నీకు మినహాయింపని ఆయన ఎక్కడా చెప్పలేదు. నాకు ఇంకా కూర పడలేదు, వడ్డించు."

నిజమే, ఆమె పళ్ళెం ఖాళీగానే ఉంది. చిన్నకోడలు మాటలు వడ్డించి కూర మరిచిపోయింది.

తమ్ముడు చెయ్యి చాచాడు. కూరగిన్నెని బల్ల మీద అన్న వైపు నెట్టాడు. "వడ్డించన్నయ్యా" అన్నాడు. బతుకులో అన్నకి ఎదురు చెప్పిన మొదటి మాట అది. దానికి చిన్నకోడలు కరిగిపోయిందనుకునేరు. ఏమీ కరగలేదు. పోయినేడు అనాల్సిన మాట ఇవాళ అన్నాడు, అంతేగా అనుకుంది.

శాంతమూర్తి భార్య వైపు చూశాడు. ఆవిడ రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని నములుతోంది. బయటికి పోదామంటే గుమ్మం తల్లి కుర్చీ వెనక ఉంది. గోడ మీద నాన్న కొట్టిన మేకు, అమ్మతో కుట్టించిన మాట. ఇన్నేళ్ళూ తను నడిపిన రూలు కింద తనే నిలబడి ఉన్నాడు. ఆయన గరిటె తీసుకున్నాడు. ఏ చేత్తో పట్టుకోవాలో కాసేపు తెలియలేదు. కుడి చేత్తో గరిటె పట్టుకుని, గుడ్డ సంగతి ఎవరూ చెప్పక, ఎడమ చేత్తో గిన్నె చెవి పట్టుకుని ఎత్తాడు.

"అబ్బా" అని వదిలేశాడు. గిన్నె ఒరిగింది, కూర కొంత బల్ల మీద ఒలికింది. ఆయన వేళ్ళు నోట్లో పెట్టుకున్నాడు. ఎర్రబడ్డాయేమో, అంతే. బొబ్బ కూడా ఎక్కలేదు. అయినా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

చిన్నకోడలు తన ఎడమ చెయ్యి, వంగని రెండు వేళ్ళతో సహా, ఆయన ముందు బల్ల మీద ఆనించింది. గుడ్డ ఆయన వైపు తోసింది.

"రెండు చేతులతో పట్టుకోండి బావగారూ" అంది. "ఒంటి చేత్తో చేసే పని కాదిది."

ఆయన గరిటె గిన్నెలో పెట్టాడు. గుడ్డ తీసుకున్నాడు. రెండు చేతులతో గిన్నె ఎత్తి తల్లి పళ్ళెం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. "నా మనసులో..." అని మొదలుపెట్టాడు.

"ఏమీ లేదని మాత్రం అనకండి" అంది చిన్నకోడలు. "ఈ ఇంట్లో ఆ మాట ఇక ఎవరూ అనరు."